టేపు దాచుకుని డ్రైవు అమ్మేస్తే చదివేదెలా?

సంపాదకులకు, నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక మూలగా వేలం ప్రకటన వచ్చింది. గోదావరి డెల్టాలోని ఒక కార్యాలయం వారు తమకు అక్కరలేని సామగ్రిని ఉన్నది ఉన్నట్టుగా వేలం వేస్తున్నామని చెబుతూ, విరిగిన కుర్చీలు, ఇన్వర్టరు బ్యాటరీలు, ఒక జెరాక్సు యంత్రంతో పాటు "పాత సర్వరు ఒకటి, టేపు డ్రైవు ఒకటి, కేబుళ్లు ఒక పెట్టె" అని కూడా జాబితాలో చేర్చారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ ఎత్తను; ఇదే పని చేసినవారిని నా సర్వీసులో చాలామందిని చూశాను కాబట్టి వారినొక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. నన్ను ఆపింది జాబితాలో ఉన్నది కాదు, లేనిది. అందులో టేపుల ఊసు లేదు. అంటే పదేళ్లో పదిహేనేళ్లో కూడబెట్టిన బ్యాకప్ టేపులు, అంటే కంప్యూటరులోని లెక్కలకు నకళ్లు దాచిన అయస్కాంత టేపులు, బీరువాలో భద్రంగానే ఉన్నాయి, వాటిని రాసి చదివే యంత్రమైన డ్రైవు మాత్రం తూకానికి పోతోంది. భోషాణం నట్టింట్లో పెట్టుకుని తాళంచెవిని పాత ఇనప సామాన్లవాడి తట్టలో వేసినట్టుంది ఈ పని. వేలం తేదీకి ఇంకా గడువుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైతే మన్నించగలరు.

నేను 1990ల తొలినాళ్ల నుంచి ఉభయ గోదావరి జిల్లాల్లో సర్వర్లు, డిస్కులు, టేపు డ్రైవులు మరమ్మతు చేస్తూ వచ్చి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. రైసు మిల్లు కానివ్వండి, చక్కెర ఫ్యాక్టరీ కానివ్వండి, సహకార సంఘం కానివ్వండి, ఆ రోజుల్లో లెక్కలకు ఆఖరి దిక్కు టేపే. 1986 ఆగస్టు గోదావరి వరదల్లోనూ, 1996 నవంబరు తుఫానులోనూ చిట్టాలు, ఆవర్జాలు నాని ముద్దైపోవడం కళ్లారా చూసిన మేనేజర్లు కొందరు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన టేపును ప్రతి శనివారం సాయంత్రం క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. బ్యాకప్ ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండాలన్న సూత్రాన్ని వారికి ఎవరూ బోధించలేదు, గోదావరే నేర్పింది. అంత జాగ్రత్తగా దాచిన టేపులు ఈనాడు చదవడానికి వీల్లేకుండా పోతున్నాయంటే తప్పు సాధారణంగా టేపుది కాదు.

టేపు డ్రైవు అనగానే అన్నీ ఒకటే అనుకునే పొరపాటు ఇప్పటి కుర్రవాళ్లలోనే కాదు, కొనుగోలు కమిటీల్లో కూడా ఉంది. డాట్ అనే 4 మిల్లీమీటర్ల చిన్న టేపుల్లో 1989లో డీడీఎస్ అనే రకం మొదటి తరం వచ్చింది. ఆ తర్వాత డీడీఎస్ 2లో 4 గిగాబైట్లు, డీడీఎస్ 3లో 12, డీడీఎస్ 4లో 20, డాట్ 72లో 36 గిగాబైట్లు పట్టే టేపులు వరసగా వచ్చాయి. పైకి చూస్తే అన్నీ కవల పిల్లలే. కానీ డాట్ 72 డ్రైవు డీడీఎస్ 3, డీడీఎస్ 4 టేపులను చదువుతుంది తప్ప మొదటి తరం టేపును చదవదు. పెద్ద టేపుల్లో ఎల్‌టీఓ జాతికి ఏడో తరం వరకు ఒక ఆచారం ఉండేది: డ్రైవు తన తరం టేపుతో పాటు దాని వెనకటి రెండు తరాల టేపులనూ చదివేది. ఎనిమిది, తొమ్మిది తరాల్లో ఆ వెసులుబాటు ఒక్క తరానికి తగ్గింది, పదో తరంలో అదీ పోయింది. కాబట్టి 2000 సంవత్సరంలో వచ్చిన 100 గిగాబైట్ల మొదటి తరం ఎల్‌టీఓ టేపు బీరువాలో ఉన్నవారు, అవసరమైన రోజున బజారుకు వెళ్లి కొత్త డ్రైవు కొని చదువుకోవచ్చులే అనుకుంటే కుదరదు. దాన్ని చదవగలిగేది మూడో తరం డ్రైవు వరకే.

తరం కలిస్తే చాలా అంటే అదీ చాలదు. డాట్ డ్రైవులో కొంచెం వాలుగా అమర్చిన డ్రమ్ము గిర్రున తిరుగుతూ టేపు మీద ఏటవాలు గీతలుగా రాస్తుంది. ఏళ్ల తరబడి వాడకంలో టేపును నడిపించే గైడ్లు అరిగి ఆ దారి వెంట్రుకవాసి పక్కకు జరిగినా, డ్రైవు తను రాసిన టేపును తను హాయిగానే చదువుకుంటుంది, ఎందుకంటే రాతలో ఎంత వంకర ఉందో చదువులోనూ అంతే వంకర ఉంటుంది. అదే టేపును సవ్యంగా ఉన్న మరో డ్రైవులో పెడితే ఒక్క ముక్క రాదు. వెనకటి కరణాలు కొందరి గొలుసుకట్టు రాత మళ్లీ వారు చదివితేనే తెలిసేదని మా పెద్దవాళ్లు చెప్పేవారు. పాత డ్రైవుదీ అదే వరస. కరణాన్ని పంపించేసి దస్త్రం దాచుకుంటే ఉపయోగమేమిటి?

ఇది ఊహించి రాస్తున్నది కాదు. మొన్న ఆషాఢంలో కోనసీమలోని ఒక సంఘం నుంచి కబురు వచ్చింది. 2001 నుంచి కొన్నేళ్ల పాటు సభ్యుల వాటాధనం లెక్కల్లో తేడా ఉందని వివాదం లేచింది, కాగితాలు లేవు, పదకొండు డీడీఎస్ 4 టేపులు ఉన్నాయి. అవి రాసిన సర్వరు ఆరేళ్లుగా ఎరువుల గోదాముకు ఆనుకున్న గదిలో గోనెపట్టా కప్పుకుని పడి ఉంది. నాకన్నా ముందు ముగ్గురు వచ్చి చూసి, టేపులన్నీ పాడైపోయాయని తేల్చి వెళ్లారట. మేనేజరు గారు ఆ మాట చెబుతుంటే నాకు మొదట కలిగిన అనుమానం ఒకటే: వేర్వేరు సంవత్సరాల్లో కొన్న పదకొండు టేపులు కూడబలుక్కుని ఒకే రోజున చెడిపోతాయా? అన్నీ ఒకేసారి చదవడం మానేశాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే డ్రైవును, కేబులును, కార్డును, కరెంటును ముందు పట్టుకోవాలి. డేటా ఉన్న టేపును ఆఖరున ముట్టుకోవాలి. నా ముప్పై ఏళ్ల అనుభవంలో ఈ వరసను తలకిందులు చేయడం వల్ల పోయినంత డేటా వరద వల్ల కూడా పోలేదు.

అన్నేళ్లు మూలపడిన యంత్రం కనిపించగానే అందరికీ స్విచ్చి మీదకే చెయ్యి పోతుంది. అది చేయకూడదు. మూత తీసి టార్చిలైటు వేసి చూస్తే పవర్ సప్లై జాలీలో ఎండిపోయిన బల్లి ఒకటి, మదర్‌బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు నాలుగు, డిస్కులను, టేపు డ్రైవులను కంప్యూటరుకు కలిపే స్కజీ కార్డు అంచున పచ్చటి చిలుము కనిపించాయి. పక్క గదిలో యూరియా, డీఏపీ బస్తాలున్నాయి. ఎరువు ధూళి గాలిలో తేమను పీల్చుకుని రాగి మీద కూర్చుంటే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. స్ప్రేయరు ఇత్తడి భాగాలను కడగకుండా వదిలేస్తే అయ్యేదే ఇక్కడా అవుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో దీనికి ఉప్పు గాలి తోడు. బ్లోయరుతో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్లు తిరగకుండా వేలితో పట్టుకుని, కార్డుల అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచాను. మన దగ్గర చాలామంది పెన్సిలు రబ్బరుతో రుద్దుతారు; నేనూ కుర్రతనంలో రుద్దినవాణ్ణే. దాంతో చిలుముతో పాటు పల్చటి బంగారు పూత కూడా లేచిపోతుందని ఆలస్యంగా తెలుసుకున్నాను.

కరెంటు విషయం. డిస్కులు, టేపు డ్రైవు తీసివేసి, పవర్ సప్లైని విడిగా భారం పెట్టి మల్టీమీటరుతో చూస్తే 5 వోల్టుల తీగ సరిగ్గానే ఉంది, 12 వోల్టుల తీగ 11.1 దగ్గర కూర్చుంది. ఇది 5 శాతం వరకు అటూ ఇటూ ఉండవచ్చు, అంటే 11.4కు కిందికి దిగకూడదు. మోటార్లు తిరిగేది ఈ తీగ మీదే కాబట్టి, ఇలాంటి సప్లై మీద టేపును లోపలికి లాక్కుని కాసేపు గునిసి బయటికి ఉమ్మేసే డ్రైవును చూసి టేపు బాగా లేదని ఎవరైనా అనుకుంటారు. సప్లై మార్చాను, ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. పాత సర్వర్లలో కొన్నిటికి సాకెట్టు రూపం మామూలు కంప్యూటరు సాకెట్టులాగే ఉన్నా లోపల తీగల వరస వేరుగా ఉంటుంది. కొత్త సప్లై గుచ్చే ముందు మీటరుతో ఒక్కో తీగా సరిచూడకపోతే మదర్‌బోర్డు పొగై పోతుంది. గడియారం బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంది, అది ఇరవై ముప్పై రూపాయల పని.

ఇక డిస్కులు. మూడు స్కజీ డిస్కులు రెయిడ్ 5 పద్ధతిలో ఉన్నాయి. తీసే ముందే ఏ అరలోది ఏదో స్కెచ్ పెన్నుతో 0, 1, 2 అని వాటి మీద రాశాను. చాలా చిన్న పని, కానీ ఇది చేయకుండా మూడింటినీ ఒక సంచిలో వేసి తెచ్చి నా బల్ల మీద కుమ్మరించినవారు ఉన్నారు. యంత్రం లేచాక రెండో డిస్కుకు ఎర్ర దీపం వెలిగింది. వెంటనే కొత్త డిస్కు తెప్పించి పెడదామని కమిటీ సభ్యుడొకరు తొందరపడ్డారు. ఆయన మాట నిజానికి పుస్తకాల్లో ఉన్న మాటే. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా లెక్క నిలుస్తుంది, కొత్తది పెడితే మిగతా రెండింటి నుంచి దాన్ని తిరిగి కట్టుకుంటుంది. అయితే ఆ కట్టుబడికి మిగిలిన రెండు ముసలి డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదవాలి. ఆరేళ్లు నిద్రపోయి లేచిన డిస్కుకు అదే ఆఖరి శ్వాస కావచ్చు, అప్పుడు మూడూ పోయినట్టే. అందువల్ల కొత్త డిస్కు జోలికి పోకుండా, ఉన్న రెండింటి మీద నిలబడిన సమాచారాన్ని ముందు నెట్‌వర్కు ద్వారా బయటికి నకలు తీశాం. రెయిడ్ కార్డు మొదట్లో అడిగే ప్రశ్నల్లో 'ఇనిషియలైజ్' అన్న మాట కనిపిస్తే దానికి అవునని నొక్కకూడదని కూడా ఈ సందర్భంగా చెప్పాలి. అది చెరిపేయమన్న మాటే.

డిస్కుల మీద 2006 తర్వాతి లెక్కలే ఉన్నాయి. కావలసినవి టేపుల్లోనే. టేపు డ్రైవుకు విడిగా ఒక స్కజీ కార్డు ఉంది. యంత్రం లేచేటప్పుడు ఆ కార్డు తన జాబితాలో 6వ నంబరు దగ్గర డ్రైవు పేరు చూపించింది కూడా. మామూలుగా కార్డుకు 7, అదే గొలుసులో ఉన్న ఒక్కో పరికరానికీ ఒక్కో నంబరు, ఏ రెండింటికీ ఒకటే ఉండకూడదు. ఇక్కడ ఆ తగువు లేదు. పేరు కనిపిస్తోంది, టేపు లోపలికి వెళ్తోంది, స్థితి అడిగితే జవాబిస్తోంది. చదవమంటే కొన్ని క్షణాలు తిరిగి, బస్ రీసెట్, అంటే దారిని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేస్తున్నానని, తెర మీద వరసగా పడి, నిలిచిపోతోంది. యంత్రం తనంతట తను రాసుకునే చిట్టాలో దోషం సంఖ్య చూశాను. స్కజీ పరిభాషలో సెన్స్ కీ అనే ఆ సంఖ్య 3 అయితే దోషం టేపుది, 4 అయితే డ్రైవు లోపలి యంత్రాంగానిది. అక్కడ ఉన్నది ఆ రెండూ కాదు, 11. అంటే ఆదేశం మధ్యలో తెగిపోయిందని. టేపును నిందించడానికి ఆధారమే లేదు, దారిలో ఏదో ఉంది.

కేబులు చివర చూస్తే అసలు సంగతి బయటపడింది. ఈ తరం స్కజీలో, అంటే ఎల్‌వీడీ రకంలో, పరికరాలకు తమ సొంత టెర్మినేటరు సాధారణంగా ఉండదు. కేబులు ఆఖరి సాకెట్టుకు బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి గుచ్చి ఉంటుంది, గొలుసుకు అదే గట్టు. ఇక్కడ ఆ ముక్క లేదు, ఆఖరి సాకెట్టునే డ్రైవుకు తగిలించారు. కాలువ చివర తూము మూసి ఉంటే వచ్చిన అల వెనక్కి తన్నినట్టు, టెర్మినేటరు లేని తీగ చివర నుంచి సంకేతాలు వెనక్కి తన్ని, వచ్చేవాటితో కలగలిసిపోతాయి. పేరు అడిగినప్పుడు మాటలు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి సరిపోతుంది; అసలు డేటా పూర్తి వేగంతో నడిచేసరికి గల్లంతవుతుంది. సంఘంలో కంప్యూటరు పని చూసే కుర్రవాణ్ణి అడిగాను. "ఆయ్, ఆ ముక్క దేనికీ తగల్లేదండి, ఊరికే వేలాడతా ఉందని తీసేసి ఆ సొరుగులో పడేశానండి" అన్నాడు. అతణ్ణి కోప్పడడానికి నాకు మనసొప్పలేదు. సొరుగు లాగితే రబ్బరు స్టాంపులు, గుండుసూదులు, ఎండిపోయిన ఇంకు ప్యాడు మధ్య అది అక్కడే ఉంది. చివర గుచ్చి, డ్రైవును ఆ ముందటి సాకెట్టుకు మార్చాను. వేలం ప్రకటనలో "కేబుళ్లు ఒక పెట్టె" అన్న మాట చదివినప్పుడు నా గుండె జల్లుమన్నది ఇందుకే.

డ్రైవు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఖాళీ టేపు ఒకటి పెట్టి, రాసి, తిరిగి చదివి, రెండూ పోల్చి చూడాలి. ఖాళీ టేపు అన్నాను, గమనించండి. నాకన్నా ముందు వచ్చినవారిలో ఒకరు 2003 మార్చి ఆఖరు అని రాసి ఉన్న టేపునే తీసుకుని, పక్కనున్న మీటను మూసి, చిన్న ఫైలు ఒకదాన్ని దాని మీద రాసి పరీక్షించారు. టేపు మొదట్లో పిడికెడు రాసినా, ఆ రాత ముగిసినచోట 'డేటా ఇంతటితో సరి' అన్న గుర్తు పడుతుంది, మామూలు డ్రైవు ఏదీ ఆ గుర్తు దాటి ముందుకు పోదు. పాత సమాచారం చాలావరకు టేపు మీద భౌతికంగా ఉన్నా చదివే దారి మూసుకుపోయింది. వాటాధనం వివాదంలో అందరికీ కావలసిన సంవత్సరం అదే కావడం ఆ సంఘం దురదృష్టం. డాట్ టేపు వెనకంచున చిన్న మీట ఉంటుంది. అది తెరిచి, రంధ్రం కనిపిస్తుంటే దాని మీద ఎవరూ రాయలేరు. బీరువాలోంచి టేపు చేతిలోకి తీసుకోగానే చేయవలసిన మొదటి పని, యంత్రం ముఖం చూడకముందే, ఆ మీట తెరవడం.

తర్వాత రెండు చిక్కులు వచ్చాయి గానీ అవి హార్డ్‌వేరువి కావు, హార్డ్‌వేరు వేషం వేసుకొచ్చినవి. లినక్సు ఆపరేటింగ్ సిస్టములో ఒకే టేపు డ్రైవుకు రెండు పేర్లుంటాయి. ఎస్‌టీ 0 అన్న పేరుతో పిలిస్తే ప్రతి పని తర్వాత టేపు మొదటికి చుట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌టీ 0 అంటే ఉన్నచోటే ఆగుతుంది. ఒక టేపు మీద వారం వారం చేసిన బ్యాకప్పులు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు మొదటి పేరుతో ఎన్నిసార్లు చదివినా మొదటి వారమే వస్తుంది, మిగతావి లేవనిపిస్తుంది. "ఇందులో ఒక్క వారమే ఉందండి" అని నాకు అప్పగించిన టేపులో తొమ్మిది వారాలు దొరికాయి. రెండోది మరీ విచిత్రం. కొన్ని టేపులు చదవబోతే 'కెనాట్ అలొకేట్ మెమరీ' అని వచ్చింది. అది చూసి లోగడ ఎవరో ర్యామ్ చాలలేదని నిర్ణయించి, వెతికి వెతికి పాత రకం ర్యామ్ తెప్పించి వేయించారట, బిల్లు కూడా ఫైలులో ఉంది. అక్కడ మెమరీకి వచ్చిన లోటేమీ లేదు. ఆ టేపులు 64 కిలోబైట్ల దిమ్మెలుగా రాసినవి. టేపు చదవడానికి వాడే టార్ అనే ప్రోగ్రాము మామూలుగా 10 కిలోబైట్ల చొప్పున చదవబోతుంది. చిన్న గిన్నె పట్టుకుని పెద్ద గరిటెతో పోయించుకోబోతే డ్రైవరు ప్రోగ్రాము ఆ మాటలతో నిరాకరిస్తుంది. దిమ్మె పరిమాణం 128 అని చెప్పగానే, అంటే 512 బైట్ల ముక్కలు 128 అని, మారు మాట్లాడకుండా చదివింది.

తేమ గురించి చెప్పకుండా మన ప్రాంతంలో టేపుల మాట పూర్తి కాదు. టేపులకు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రత, 40 శాతం చుట్టుపక్కల తేమ బాగుంటుంది. మన దగ్గర వానాకాలం ఉదయాల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఏసీ గదిలోని చల్లటి టేపును తెచ్చి ఆ గాలిలో వెంటనే డ్రైవులో పెడితే, కూల్‌డ్రింకు సీసా మీద పట్టినట్టు దాని మీద కంటికి కనిపించని చెమ్మ పడుతుంది, తిరిగే డ్రమ్ముకు టేపు అతుక్కుంటుంది. టేపును చదవబోయే గదిలోనే ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి తర్వాత పెట్టాలి. బీరువాలో పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసే అలవాటు పట్టుబట్టలకు సరే గానీ, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్కులకు పడదు. సిలికా జెల్ సంచులు వేస్తే చాలు. డ్రైవు ముందు శుభ్రం చేయమనే దీపం వెలిగితే క్లీనింగు టేపు ఒకసారి వేయాలి, మళ్లీ వెలిగితే ఇంకోసారి. దీపం వెలగకపోయినా రోజూ పొద్దున్నే దీపారాధనలా క్లీనింగు టేపు వేసే ఆఫీసు ఒకటి నాకు తెలుసు. ఆ టేపు గరుకుగా ఉంటుంది, టేపును చదివే హెడ్డును అరగదీస్తుంది.

అంతకు ముందు తరం వారికి ఒక మాట. 1990ల్లో యూనిక్సు యంత్రాలతో వచ్చిన పావు అంగుళం కార్ట్రిడ్జి టేపులు, 150 మెగాబైట్లవి, ఇంకా కొన్ని మిల్లుల్లో ఉన్నాయి. వాటి డ్రైవులో టేపును తిప్పే రబ్బరు రోలరు కాలక్రమంలో కరిగి బెల్లం పాకంలా అవుతుంది. ఆ స్థితిలో కార్ట్రిడ్జి పెడితే ఆ జిగురంతా టేపు లోపలి భాగాలకు పూసుకుపోతుంది. ముందు రోలరును వేలితో తాకి చూసి, మెత్తబడి ఉంటే గీకి తీసేసి, సరిగ్గా అంతే వ్యాసానికి వచ్చే రబ్బరు గొట్టం తొడగాలి. ఆ కార్ట్రిడ్జిల లోపల ఒక సన్నటి బెల్టు కూడా ఉంటుంది, ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి సాగిపోయి ఉంటుంది. చదివే ముందు టేపును ఒకసారి చివరి దాకా పంపి వెనక్కి చుట్టించడం దానికి తప్పనిసరి.

కోనసీమ సంఘం పదకొండు టేపుల్లో తొమ్మిది పూర్తిగా వచ్చాయి. ఒకటి సగం దాకా వచ్చి ఆగింది, 2003 మార్చి టేపు రాలేదు. నా దగ్గరున్న ఇంకొక డీడీఎస్ 4 డ్రైవులో కూడా పెట్టి చూశాను. సంఘం డ్రైవు చదివిన తొమ్మిదిలో నాలుగింటిని నా డ్రైవు అసలు గుర్తించనే లేదు. అన్ని సంవత్సరాలు పెట్టెలో నిక్షేపంగా ఉన్న టేపులవి. ఆ ముసలి డ్రైవును సంఘం వారు ఆ ముందటి నెలలోనే తూకానికి ఇవ్వబోయి, పాత ఇనప సామాన్ల వ్యాపారి బేరం తెగ్గొట్టడం వల్ల ఆగారు.

అందుకని వేలం వేయబోతున్న కార్యాలయం వారికి మీ పత్రిక ద్వారా నేను మనవి చేసేది ఇది. కుర్చీలు, బ్యాటరీలు, జెరాక్సు యంత్రం నిరభ్యంతరంగా అమ్ముకోండి. సర్వరును, టేపు డ్రైవును, సర్వరులోని స్కజీ కార్డును, ఆ కేబుళ్ల పెట్టెను, అందులో అడుగున పనికిరానట్టు కనిపించే నల్లటి ముక్కలతో సహా జాబితాలోంచి తీసి పక్కన పెట్టండి. బీరువాలోని టేపుల మీటలు తెరిచి ఉంచండి. నేనుండేది పాలకొల్లు, మీరుండేది నాకు గంట ప్రయాణం. రానూపోనూ బస్సు చార్జీలు కూడా అడగను. నేను వచ్చేలోగా ఆ సర్వరును ఎవరూ ఆన్ చేయకుండా చూడండి, అంతే.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వీసు ఇంజనీరు,
పాలకొల్లు.